సీసం లేని బ్యాటరీ

నిమ్మకాయ బ్యాటరీ అంటే మా అమ్మాయికి మొహం మొత్తింది. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు నాలుగు నిమ్మకాయలకు రాగి రేకులూ, జింకు పూత మేకులూ గుచ్చి ఎల్ఈడీ వెలిగిస్తారు. అది గుడ్డిగా మినుకుమంటుంది. టీచర్లు మెచ్చుకుంటారు. సాయంత్రానికి నిమ్మకాయలు చెత్తబుట్టలో ఉంటాయి. "అయిపోయాక మళ్లీ ఛార్జ్ చేసుకునేది ఇంట్లో చెయ్యలేమా నాన్నా?" అని వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం అడిగింది.

చెయ్యొచ్చు. నాకు తెలిసిన పద్ధతి 1859 నాటిది. ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంటే అనే శాస్త్రవేత్త రెండు సీసపు రేకుల్ని, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో రబ్బరు పట్టీలు పెట్టి, చాపలా చుట్టి పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచాడు. కరెంటు పంపితే దాచుకుంది, అడిగితే తిరిగి ఇచ్చింది. మళ్లీ పంపితే మళ్లీ దాచుకుంది. ఇవాళ కారు బానెట్ కింద ఉన్నదీ, ఇంట్లో ఇన్వర్టర్ పక్కన ఉన్నదీ దాని మనవలే. రెండు సీసం పట్టీలు, ఒక సీసా, కాస్త యాసిడ్ ఉంటే చాలు, ఒక్కో సెల్లు 2 వోల్టులు ఇస్తుంది. ఇదంతా నేను ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే పక్క గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ, "ఈ ఇంట్లోకి సీసం రాదు" అంది. గొంతు పెంచలేదు. చిక్కుడుకాయల మీంచి తల కూడా ఎత్తలేదు.

మా నాన్నది బ్యాటరీల షాపు. చిలకలూరిపేటలో, అప్పట్లో ఐదో నంబరు జాతీయ రహదారి అనే మద్రాసు-కలకత్తా రోడ్డు పక్కన ఉండేది. లారీలు ఆగే చోటు కాబట్టి పనికి కొదవ లేదు. లోపల గోడకు కొట్టిన చెక్క మీద వరసగా బల్బులు వెలుగుతుండేవి. బ్యాటరీలకు వెళ్లే కరెంటును అదుపులో పెట్టేవి అవే. వాటి కింద పది, పన్నెండు బ్యాటరీలు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు తీగలతో కలిపి ఉండేవి. రాత్రంతా వాటిలోంచి సన్నగా సుయ్‌మనే చప్పుడు. ముక్కుపుటాలు మండించే ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు పదేళ్ల వయసొచ్చేస్తుంది. ఎవరి బ్యాటరీ ఏదో సుద్దముక్కతో దాని మీదే రాసేవారు. ఛార్జింగ్ అయ్యేదాకా అద్దెకు వేరే బ్యాటరీ ఇచ్చేవారు.

1988లో దూరదర్శన్‌లో మహాభారతం మొదలయ్యాక ఆ షాపుకు కొత్త దశ పట్టింది. ఆదివారం ఉదయం కరెంటు పోతే ఊళ్లో కురుక్షేత్రం జరిగిపోయేలా ఉండేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు శనివారమే సైకిళ్ల మీద బ్యాటరీలు తెచ్చి పెట్టేవాళ్లు, బ్లాక్ అండ్ వైట్ టీవీలు నడుపుకోవడానికి. హిందీ ఎంతమందికి అర్థమయ్యేదో తెలియదు గానీ, శనివారం రాత్రి మా షాపులో బల్బులు మాత్రం ఆరేవి కావు.

నాన్న ఏడో తరగతితో చదువు ఆపేశారు. కానీ బ్యాటరీ గురించి ఆయన చెప్పిన ఒక మాట, తర్వాత నేను ఇంజనీరింగ్‌లో విన్న పాఠాల కన్నా బాగా గుర్తుంది. "దీంట్లో కరెంటు ఉండదురా. పని ఉంటుంది. కరెంటు పోసినప్పుడు పని ఒకవైపు జరుగుతుంది, వాడినప్పుడు వెనక్కి జరుగుతుంది" అనేవారు. పుస్తకాల్లో ఉన్నదీ అదే. ఛార్జి ఉన్నప్పుడు ఒక ప్లేటు సీసం, రెండోది సీసం డయాక్సైడ్. వాడేకొద్దీ రెండూ లెడ్ సల్ఫేట్‌గా మారుతుంటాయి, యాసిడ్ పలచబడుతుంది. కరెంటు ఎదురు దిశలో పంపితే మళ్లీ ఎవరి రూపం వారికి వస్తుంది. యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూడ్డానికి నాన్న దగ్గర హైడ్రోమీటర్ ఉండేది. గాజు గొట్టంలో గాజు తేలుడు, పైన రబ్బరు బుడ్డి. బుడ్డి నొక్కి వదిలితే యాసిడ్ పైకొచ్చేది. తేలుడు 1.28 దగ్గర నిలబడితే ఛార్జింగ్ పూర్తయినట్టు. 1.15కి దిగితే బ్యాటరీ ఖాళీ అయినట్టే. జ్వరం చూసే డాక్టరులా ఒక కన్ను మూసి చూసేవారు.

అప్పటి లారీ బ్యాటరీలు ఇప్పటిలా మూసేసిన డబ్బాలు కావు. పైన నల్ల తారు కరిగించి మూత తీసి, పాడైన సెల్లు ఒక్కటే బయటకు లాగి, విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చిన కొత్త ప్లేట్లు వేసి, మళ్లీ సీల్ చేసేవారు. పాత ప్లేట్లలో పనికొచ్చే సీసాన్ని ఇంటి వెనక, బాదం చెట్టు కింద బొగ్గుల పొయ్యి మీద ఇనప మూకుడులో కరిగించేవారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. పైన తేలిన బూడిద రంగు మష్టును గరిటెతో పక్కకు తోస్తే, కింద అద్దంలా మెరిసేది. దాన్ని అచ్చుల్లో పోసి సెల్లుకు సెల్లుకు కలిపే పట్టీలు తయారుచేసేవారు. మిగిలిన చుక్కలు మట్టి మీద పడి బిళ్లలయ్యేవి. అవి నా బొమ్మలు. మెత్తగా, బరువుగా, గోరుతో గీస్తే గీత పడేలా ఉండేవి. నేను, మా చెల్లెలు వాటితో అంగడి ఆట ఆడేవాళ్లం. నాన్న పని బట్టలు, మా బట్టలు అమ్మ ఒకే గంగాళంలో నానబెట్టేది. ఎవరూ తప్పు చేయలేదు. ఎవరికీ తెలియదు.

నాన్నకు నలభై దాటాక కడుపునొప్పి మొదలైంది. మెలిపెట్టినట్టు వచ్చి, రెండు రోజులు ఉండి పోయేది. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలిచ్చారు. ఎన్ని వాడినా రక్తం పెరగలేదు. తర్వాత కుడి మణికట్టు పట్టు తప్పడం మొదలైంది. స్పానర్ జారిపోయేది. వయసని సరిపెట్టుకున్నాం. ఆరేళ్ల తర్వాత, ఇంకో ఊళ్లో, ఒక పెద్ద డాక్టరు నోరు తెరవమని చిగుళ్లు చూశారు. పళ్ల మొదట్లో సన్నటి నీలి గీత ఉంది. "ఏం పని చేస్తారు?" అని అడిగారు. అంతకు ముందు చూసిన ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. 1994లో షాపు మూసేశారు.

ఒంట్లోకి వెళ్లిన సీసం ఎక్కువ భాగం ఎముకల్లో చేరుతుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుంటుంది. అక్కడ దశాబ్దాలు ఉండి కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. ఆసుపత్రిలో మందులతో కొంత బయటకు లాగారు. నొప్పి తగ్గింది. మణికట్టు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. షాపు మూసేశాక పదిహేనేళ్లు బతికారు. వేరే జబ్బుతోనే పోయారు. కాబట్టి సీసమే చంపిందని నేను అనను.

మా అమ్మకు అసలు గుబులు నాన్న గురించి కాదు, మా చెల్లెలి గురించి. నేను షాపులో తిరిగేవాణ్ని గానీ, అది మాత్రం పాకే వయసు నుంచీ ఆ బాదం చెట్టు కిందే పెరిగింది. మట్టి నోట్లో పెట్టుకునే అలవాటు ఉండేది. చదువు అంటలేదు. ఎక్కాలు వచ్చేవి కావు, పదో తరగతి రెండుసార్లు తప్పింది. మొద్దని మాస్టార్లు, మేమూ తిట్టాం. పసిపిల్లల మెదడుకు సీసం చేసే హాని, పెద్దవాళ్లకు చేసేదాని కన్నా చాలా ఎక్కువనీ, ఇంత వరకైతే ఫర్వాలేదు అనే మోతాదు అసలు లేదనీ ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అప్పట్లో చెల్లెలికి రక్త పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు చేయించినా నలభై ఏళ్ల నాటి సంగతి తేలదు. లెక్కలు రానివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్ల నాన్నలందరికీ బ్యాటరీ షాపులు లేవు. ఆ మాటే అమ్మకు చాలాసార్లు చెప్పాను. వింటుంది. ఒప్పుకోదు.

ఇది మా ఇంటి కథే అయితే ఇక్కడ రాసేవాణ్ని కాదు. పిల్లల రక్తంలో సీసంపై 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థ కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే దాదాపు 80 కోట్ల మందికి, డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి సీసం ఉందని దాని అంచనా. అందులో 27 కోట్ల మందికి పైగా మన దేశం పిల్లలే. మన దగ్గర పెట్రోలులో సీసం కలపడం 2000 నాటికే ఆగింది. మరి ఇంత సీసం ఎక్కణ్నుంచి వస్తోందంటే రంగులు, కల్తీ పసుపు, వంట పాత్రలు వంటివి చాలానే ఉన్నాయి. కానీ ప్రపంచంలో వాడే సీసంలో 80 శాతానికి పైగా వెళ్లేది బ్యాటరీల్లోకే. ఉత్తరాది పట్టణాల్లోనూ, ఢాకాలోనూ ఈ-రిక్షాలు చాలాకాలం ఆ బ్యాటరీల మీదే నడిచాయి. పాత బ్యాటరీని డీలరు వెనక్కి తీసుకోవాలని మన దేశంలో 2001లోనే నిబంధనలు వచ్చాయి. 2022లో వాటి స్థానంలో తయారీదారు మీద బాధ్యత పెట్టే కొత్త నిబంధనలు వచ్చాయి. కాగితం మీద బాగానే ఉన్నాయి. పాత బ్యాటరీకి పాత ఇనుము వ్యాపారి నాలుగు రూపాయలు ఎక్కువిస్తే, అది ఏ ఊరి చివర ఏ మూకుడులోకి వెళుతుందో ఎవరూ అడగరు.

ఇదంతా విన్నాక మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే సీసం లేకుండానే చేద్దాం" అంది.

ముందు నిమ్మకాయ దగ్గరికే వెళ్లాం. అది ఎందుకు వెనక్కి నడవదు? అక్కడ జింకు రసంలో కరుగుతుంది, రాగి దగ్గర హైడ్రోజన్ బుడగలై గాల్లోకి పోతుంది. పోయినదాన్ని వెనక్కి పిలవలేం. మళ్లీ ఛార్జ్ చేసుకోవాలంటే, తయారైనవి ఏవీ ఇల్లు విడిచి పోకూడదు. అలాంటి జంట ఒకటి ఉంది. జింకు, అయోడిన్. జింకు, అయోడైడ్ ఉన్న నీళ్లలోంచి కరెంటు పంపితే ఒకవైపు జింకు లోహంగా పేరుకుంటుంది, రెండోవైపు అయోడిన్ బయటపడుతుంది. కరెంటు తీసుకున్నప్పుడు రెండూ మళ్లీ నీళ్లలో కలిసిపోతాయి. వోల్టేజీ 1.3 దాకా వస్తుంది.

సరంజామా పోగేయడానికి రెండు రోజులు పట్టింది. అయిపోయిన మామూలు టార్చి సెల్లు ఒకటి విప్పాం. మధ్యలోని బొగ్గు కడ్డీ, చుట్టూ ఉన్న జింకు తొడుగు మనకు కావలసినవి. (ఆల్కలైన్ సెల్లునూ, ఫోన్ బ్యాటరీనూ ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు.) జింక్ సల్ఫేట్ ఎరువుల కొట్లో దొరికింది. వరి ఆకులు తుప్పు రంగుకు తిరిగితే రైతులు చల్లేది అదే. పొటాషియం అయొడైడ్ కాలేజీలకు రసాయనాలు అమ్మే కొట్లో కొన్నాం. అది మాత్రం చవక కాదు. డిస్టిల్డ్ వాటర్ కోసం వెళ్లింది బ్యాటరీ షాపుకే. 100 మిల్లీలీటర్ల నీటికి రెండూ చెరో 15 గ్రాములు వేసి కలిపి, గుడ్డలో వడకట్టాం. ఎరువు కదా, మడ్డి ఉంటుంది. చేతులకు గ్లౌజులు, కిటికీలు బార్లా, వంటింటి గిన్నె ఒక్కటీ ముట్టకూడదు. ఇవి అమ్మ షరతులు.

మొదటి ప్రయత్నంలో గ్లాసులో బొగ్గు కడ్డీ, జింకు రేకు పక్కపక్కనే పెట్టి, పాత సెల్‌ఫోన్ ఛార్జరు తీగ కోసి, మధ్యలో 100 ఓమ్‌ల రెసిస్టర్ వేసి కలిపాం. బొగ్గు కడ్డీ చుట్టూ తేనె రంగు పొగలాంటిది పుట్టి, నెమ్మదిగా గ్లాసు అడుక్కి జారింది. అమ్మాయి కేక పెట్టింది. మీటరు 1.28 వోల్టులు చూపించింది. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే గోధుమ రంగు మాయం. అయోడిన్ నడుచుకుంటూ వెళ్లి జింకును కలుసుకుని కరిగిపోయింది. బయట తీగ గుండా రావలసిన పని లోపల్లోపలే అయిపోయింది. పైగా నీళ్లలో మునిగిన రాగి క్లిప్పును అయోడిన్ తినేసింది.

రెండింటికీ మధ్య గోడ కావాలి. అయాన్లు దూరాలి గానీ అయోడిన్ దూకకూడదు. కాగితం పెడితే నానిపోయింది. రెండు మడతల గుడ్డ పెట్టాం. జింకు నాచు మొక్కలా కొమ్మలు వేసి, గుడ్డ నేతలోంచి దూరి అవతలి కడ్డీని తాకింది, సెల్లు చచ్చింది. ఐదో రోజు సాయంత్రం టీ బండి దగ్గర నిలబడి ఉండగా చేతిలో ఉన్న మట్టి కప్పు వైపు చూశాను. మెరుపు పూత లేని కాల్చిన మట్టి. నీళ్లు చెమ్మగా ఊరతాయి గానీ కారిపోవు. 1836లో ఇంగ్లండ్‌లో డేనియల్ చేసిన సెల్లుకు కూడా అలాంటి మట్టిపాత్రే వాడేవాళ్లు. టీ తాగి కప్పు జేబులో వేసుకుని ఇంటికొచ్చాను.

మట్టి కప్పులో బొగ్గు కడ్డీ నిలబెట్టి, చుట్టూ పాత వాటర్ ఫిల్టర్‌లోంచి తీసిన బొగ్గు పలుకులు నింపాం. అయోడిన్‌ను పట్టి ఉంచడానికి అవి బాగా పనికొస్తాయి. ఆ కప్పును వెడల్పు మూతి గాజు సీసాలో పెట్టి, దాని చుట్టూ జింకు రేకు వంచి, ద్రావణం పోశాం. రెండు గంటలు ఛార్జ్ చేశాం. అయోడిన్ బయటకు ఊరుతోందా లేదా అని చూడ్డానికి అమ్మ అన్నం వార్చిన గంజి ఇచ్చింది. బయటి నీళ్లు ఒక చుక్క గంజిలో వేస్తే నీలంగా మారితే అయోడిన్ ఉన్నట్టు. చాలా లేత నీలం వచ్చింది. ఊరుతోంది, కానీ మెల్లగా. అమ్మాయి వేళ్ల మీద పడిన గోధుమ మరకలు విటమిన్ సి మాత్ర నూరి రుద్దితే పోయాయి. ఆ మాయ కూడా రసాయనమే.

హాల్లో గోడ గడియారం దించి, అందులో సెల్లు తీసేసి, మా సీసా తీగలు తగిలించాం. సెకన్ల ముల్లు కదిలింది. ఆ రాత్రి భోజనాలు దాని ముందే.

మర్నాడు మళ్లీ ఛార్జ్ చేసి, చిన్న రెసిస్టర్ పెట్టి కరెంటు కొలిచింది అమ్మాయి. లోపలికి పోసింది 70 మిల్లీ ఆంపియర్-గంటలు, బయటకొచ్చింది 31. సగం కూడా లేదని మొహం చిన్నబుచ్చుకుంది. మంచి సీసం బ్యాటరీ అయితే పోసిన ఛార్జీలో 80 శాతానికి పైగా తిరిగిస్తుందని నేను అనబోయి ఆగాను. అయినా దాచలేదు, తర్వాత చెప్పాను. బ్యాటరీల్లో ఇంతకాలం సీసం ఎందుకు నిలిచిందో కూడా ఆ పిల్లకు తెలియాలి. అది చవక, నమ్మకస్తురాలు, ఎక్కువ కరెంటు ఒక్కసారిగా ఇవ్వగలదు. ఫోన్ బ్యాటరీ దాచేంత శక్తిని మా పద్ధతిలో దాచాలంటే లెక్క ప్రకారం 18 గ్రాముల దాకా జింకు, 70 గ్రాముల అయోడిన్ పట్టాలి. ఇక ఆ నీళ్లు, సీసాలు, మట్టి కప్పులు వేరే. చంకలో బిందె పెట్టుకుని ఫోన్ మాట్లాడాలని నవ్వుకున్నాం.

గడియారం మూడో రోజు తెల్లవారుజామున నాలుగూ పదికి ఆగింది. అమ్మాయి లేచి, కళ్లు నులుముకుంటూ ఛార్జరు పెట్టింది. వారంలో మూడుసార్లు ఆగింది, మూడుసార్లు నడిచింది.

ఆ ఆదివారం అమ్మ తన ఇనప్పెట్టె తెరిచి, పాత చీర ముక్కలో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి మనవరాలి ఒళ్లో పెట్టింది. నాన్న హైడ్రోమీటర్. షాపు సామానంతా అమ్మేశామనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. రబ్బరు బుడ్డి గట్టిపడి పగిలిపోయింది, గాజు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మాయి దాన్ని వెలుగుకేసి పట్టి, "నానమ్మా, ఈ తేలుడు అడుగున చిన్న గుండ్లు ఉన్నాయేంటి?" అంది. నేను అమ్మ వైపు చూశాను. నిటారుగా తేలడానికి బరువు కోసం అడుగున సీసం గుండ్లు పోస్తారు. అమ్మకు తెలుసో లేదో నాకు తెలియదు.

"అదీ సీసమే తల్లీ" అంది అమ్మ. "గాజులో ఉంది, ఏం కాదు. పగలగొట్టకుండా చూసుకో."